మాటకు తోక

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్పే పెంకుటింటి వెనక పెరట్లో ఒక చుక్కలపెట్ట ఉండేది. దానికి కాలు ఒక్కచోట నిలిచేది కాదు. ఐదు పిల్లల్ని వెంటేసుకుని రోజూ కిటికీ కింద చేరేది. నాలుగు గింజలు ఏరేది, మెడ చాచి ఒక ముక్క వినేది, మళ్ళీ పరుగు. విన్నది మర్చిపోతానేమోనని ఒకటే గుబులు.

"గుడ్డు పెట్టడానికి ఇంగ్లిష్ దేనికే?" అంది మైల ఎద్దు నెమరేస్తూ.

"ఏమో తాతా, వినకపోతే తోచదు. ఇవాళ మేడమ్ ఏమందో తెలుసా? మాటకు తల ఒక్కటే చూడొద్దు, తోక కూడా చూడమంది. 'గివ్' అంటే ఇవ్వడమా? దానికి 'అప్' అని తోక తగిలిస్తే చేతులెత్తేయడమట!"

"నాకూ ఉంది తోక. ఈగలకే చాలడం లేదు."

అంతలో కంచె సందులోంచి నక్క దూరి వచ్చింది. మెడలో ఎవరో స్టూడెంటు పారేసుకున్న టై.

"గుడ్ మార్నింగ్!" అంది మిట్టమధ్యాహ్నం. "మీ కర్రికుక్క ముసలిదైంది. కోడిపిల్లల కాపలా నాకివ్వండి. ఇంగ్లిష్ చదివినవాణ్ణి."

"టై కట్టిన కాపలాదారు! మన పెరటికెంత గౌరవం!" అని ఎద్దు మురిసిపోయింది. కర్రికుక్క చిన్నబుచ్చుకుని బయటికెళ్ళి కంచె వారన ముడుచుకుంది.

పెట్టకు నక్క మీద నమ్మకం కుదరలేదు. వద్దంటే తన మాట వినేదెవరు? పిల్లలేమో అప్పుడే టై కొస పట్టుకుని ఊగుతున్నాయి.

"నక్కబావా, నా పిల్లల్ని లుక్ ఆఫ్టర్ చేస్తావా?"

నక్క లోలోపల కూడుకుంది. లుక్ అంటే చూడటం, ఆఫ్టర్ అంటే తర్వాత. "ఓ, తర్వాత తీరిగ్గా చూస్తా! ముందు నువ్వు మేతకెళ్ళు."

జాగ్రత్తగా చూసుకుంటావా అని అడిగితే తర్వాత చూస్తాడట! వీడికి మాటల తలలే తెలుసు, తోకలు తెలీవు. పెట్ట ఒక్క ఎగురున గోడెక్కి గొంతు చించుకుంది.

"లుక్ అవుట్, నక్కబావా! లుక్ అవుట్!"

లుక్ అంటే చూడు, అవుట్ అంటే బయట. బయట ఇంకా పిల్లలున్నాయి కాబోలు! నోరూరి, నక్క కంచె సందులోంచి తల బయటికి పెట్టింది. కర్రికుక్క టై దొరకబుచ్చుకుంది.

"మోసం! బయటికి చూడమన్నావు కదే!"

"ఎప్పుడన్నాను బావా? జాగ్రత్త అన్నాను. లుక్ అవుట్ అంటే అదే!"

టైనీ, సగం చెవినీ కుక్కకు వదిలేసి నక్క పొలాలకడ్డంపడి పారిపోయింది.

ఎద్దు నెమరు ఆపేసింది. "ఏమేవ్, ఆ 'గివ్'కి ఏదో తోకన్నావూ..."

"సాయంత్రం చెప్తా తాతా, అక్కడ పాఠం అయిపోతోంది!" పెట్ట అప్పటికే కిటికీ దగ్గరుంది.

తోక చూడకుండా మాట పట్టుకున్నవాణ్ణి, ఆ మాటే పట్టిస్తుంది.