వాగులో దివాను పేరు

సిరిపట్నానికీ సంతకీ మధ్య ఒక వాగుంది. దాని మీద వంతెన కట్టిస్తానంటూ దివాను భుజంగరాయుడు ఏటా మేళతాళాలతో వచ్చి, తన పేరు చెక్కిన శంకుస్థాపన రాయి పాతి వెళ్లేవాడు. వంతెనకని ఖజానాలోంచి చిల్లిగవ్వ తీసిపెట్టింది లేదు. కుమ్మరి గవరమ్మ మాత్రం వాగు దాటినప్పుడల్లా కాలు జారి కుండలు పగలగొట్టుకునేది.

ఈసారి వానలకు ముందే ఆమె వీధివాళ్లను కూడగట్టి, ఆ రాళ్లన్నీ పెకలించి, వాగులో అడుగుకొకటి పరిపించింది. అక్షరాల గరుకుకు కాలు జారదని పేరున్న వైపు పైకి పెట్టించింది.

కొత్త రాయి పాతడానికి వచ్చిన దివాను వాటి మీదే దర్జాగా దాటుతూ, నడివాగులో కిందికి చూసి ఒక కాలు పైకెత్తేశాడు.

"ఎవర్రా నా పేరు కాళ్ల కింద పడేసింది?"

"నేనే బాబయ్యా," అంది ఒడ్డున నిలబడ్డ గవరమ్మ. "జనాన్ని వాగు దాటించడానికేగా తమరు వేయించారు! దాటిస్తున్నాయి."

"ఇప్పుడే తీసెయ్!"

"ఇప్పుడే తీస్తే తమరు నీళ్లలో పడతారు. వంతెనకు ఒక్కో స్తంభం లేచినప్పుడల్లా ఒక్కో రాయి తీసేస్తాం."

దివాను ఒంటికాలి మీద ఎంతసేపని నిలబడతాడు? వంతెన పూర్తయ్యేదాకా ఏటా సంత సుంకంలో నాలుగో వంతు దానికే చెందాలని అక్కడే ఉత్తర్వు చెప్పాడు. తెచ్చిన కొత్త రాయిని మాత్రం బండి దించనివ్వలేదు.