గేటుతో సహా తీసిన ఫోటో

తుని బజారు వెనక వీధిలో, ముగ్గు పెట్టడంలో ఎంత నేర్పరో కడుపులో మాట దాచుకోవడంలో అంత చేతకాని నూకరత్నం అనే ఇల్లాలు ఉండేది.

ధనుర్మాసం వచ్చిందంటే ఆమెకు పట్టపగ్గాలు ఉండేవి కావు. తెల్లవారకముందే లేచి కళ్ళాపి చల్లి, వాకిలి నిండా ముగ్గు పరిచి, నడుమ గొబ్బెమ్మలు పెట్టేది. ఆ తరువాత మేడమెట్లు ఎక్కి, ఫోను పైకెత్తి ఫోటో తీసేది. ఆ ఫోటో ‘ముగ్గుల ముంగిలి’ అనే వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళేది. ఆ గ్రూపులో ఐదువందల మంది దాకా ఉండేవారు. వాళ్ళలో ఒక్కరినైనా నూకరత్నం కళ్ళతో చూసి ఎరగదు.

ఆమె భర్త సూరిబాబు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఒకరోజు ఆయన టీ తాగుతూ ఆ ఫోటో చూశాడు. ముగ్గు వెనకే గేటు, గేటు మీద తన పేరు, పక్కన నీలం రంగుతో రాసిన ఇంటి నంబరు, వీధి పేరు, ఊరి పేరు స్పష్టంగా కనబడుతున్నాయి.

“ముగ్గొక్కటీ తీస్తే సరిపోదా రత్నం? గేటెందుకు?” అన్నాడు.

“గేటు లేకపోతే ఎవరి వాకిలో ఎలా తెలుస్తుందండీ?” అంది నూకరత్నం, అంత తెలివితక్కువ ప్రశ్న ఎన్నడూ విననట్టు. సూరిబాబు ఇంకేమీ అనలేదు. అనవలసింది. కానీ ఇంట్లో పోరు ఎవరికి కావాలి?

ఆ ఏడాది క్రిస్మస్ సెలవులకు సూరిబాబుకు నాలుగు రోజులు సెలవు దొరికింది. ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్న అరకు ప్రయాణం ఖాయమైంది. కూతురు హారిక పదో తరగతి. మంచు చూడాలని ఆ పిల్ల ఎగిరి గంతేసింది. నూకరత్నం అంతకంటే ముందే గ్రూపులో వార్త పెట్టేసింది: “ఎల్లుండి నుంచి నాలుగు రోజులు మేము ఊళ్ళో ఉండం. అరకు వెళ్తున్నామోచ్!”

వెంటనే మాటలు మొదలయ్యాయి. “అదృష్టవంతులు” అన్నారు కొందరు. “ధనుర్మాసంలో వాకిలి బోసిగా వదిలేసి వెళ్తారా?” అని ఎవరో దెప్పారు. ఆ మాట నూకరత్నానికి ఎక్కడో గుచ్చుకుంది.

“మా వాకిలి ఒక్కపూట కూడా బోసిపోదు. పక్కింటి రత్తమ్మ మామ్మగారికి తాళంచెవి ఇచ్చి వెళ్తున్నాను. చూపు ఆనకపోయినా ఆవిడ చెయ్యి చుక్క తప్పదు” అని రాసింది.

గ్రూపులో కుసుమ అనే ఆవిడ ఉండేది. ఆవిడ పేరు పక్కన తామరపువ్వు బొమ్మ తప్ప మొహం ఉండేది కాదు. నూకరత్నం ఏ ముగ్గు పెట్టినా ముందుగా మెచ్చుకునేది ఆవిడే. “పాపం, పెద్దావిడకు శ్రమ కదా అక్కా! సాయానికి పిల్లలు లేరా?” అని కుసుమ అడిగింది.

“లేరమ్మా, ఒంటరి మనిషి. మేమే ఆవిడకు దిక్కు” అంది నూకరత్నం.

“మేమూ అరకు వెళ్దామనుకుంటున్నాం అక్కా. మీరు ఏ బండికి, ఏ పెట్టెలో వెళ్తున్నారు?”

అక్కా అని అంత తీయగా పిలిస్తే నూకరత్నం ఆగుతుందా? టిక్కెట్టే ఫోటో తీసి పెట్టేసింది. ముగ్గురి పేర్లు, వయసులు, బండి, పెట్టె, సీట్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

బయలుదేరే రోజు రత్తమ్మ మామ్మగారు గుమ్మం దాకా వచ్చింది. హారికకు బారసాల నాడు ఉయ్యాల కట్టింది ఆవిడే. నూకరత్నానికి పచ్చకామెర్లు వచ్చినప్పుడు నెల రోజులు పథ్యం వండి పెట్టిందీ ఆవిడే. ఇంటి తాళంచెవి, బీరువా తాళాలు ఉన్న గుత్తి కొంగున ముడివేసుకుని, “మీరు నిశ్చింతగా వెళ్ళి రండమ్మా. మీ ఇల్లు నా ఇల్లు కాదూ?” అంది.

వాళ్ళు ఆ సాయంత్రమే విశాఖపట్నం చేరి, సూరిబాబు స్నేహితుడి ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే అరకు బండి ఎక్కారు. శృంగవరపుకోట దాటాక బండి కొండల మీదికి పాకడం మొదలెట్టింది. అద్దాల పెట్టెలోంచి లోయలు, పొగమంచు, పసుపుపచ్చని వలిసెపూల చేలు కనబడుతుంటే హారిక అటూ ఇటూ పరుగులు తీసింది. ఆ దారిలో సొరంగాలు లెక్కలేనన్ని. బండి చీకట్లోకి దూరగానే పిల్లలందరూ ఒక్కసారి కేకలు పెట్టేవారు. మళ్ళీ వెలుతురు వచ్చేది.

మూడో సొరంగమో నాలుగో సొరంగమో దాటాక నూకరత్నం ఫోను మోగింది. మామ్మగారు.

“రత్నం, మీరు పంపిన మనిషి వచ్చాడమ్మా” అంది మామ్మగారు.

“నేనెవరినీ పంపలేదే! ఏ మనిషి?”

“అదేనమ్మా, మోటారు బాగుచేసే అతను. సూరిబాబు పంపాడన్నాడు. హారిక పేరు చెప్పాడు. మీరెక్కిన పెట్టె నంబరు కూడా చెప్పాడు. తలుపు తీశాను. ఇప్పుడేమో మోటారు కాగితాలు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళాలు ఇమ్మంటున్నాడు. ఇవ్వమంటావా?”

“ఇవ్వొద్దు!” అని అరిచింది నూకరత్నం. “ఇవ్వొద్దు మామ్మగారూ! మీరు ముందు బయటికి వచ్చేయండి! వీధిలోకి వెళ్ళిపోండి!”

అంతలో పెట్టె నిండా చీకటి కమ్ముకుంది. చుట్టూ పిల్లలు సంతోషంగా కేకలు పెట్టారు. ఆ కేకల్లో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. బండి వెలుతురులోకి వచ్చేసరికి ఫోను ఎప్పుడో తెగిపోయి ఉంది.

“ఏమైంది?” అన్నాడు సూరిబాబు.

నూకరత్నం రెండు ముక్కల్లో చెప్పింది. “వాడికి పెట్టె నంబరు ఎలా తెలిసింది?” అన్నాడు. ఆమె మామ్మగారి నంబరు మళ్ళీ నొక్కింది.

మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఇంకో సొరంగం వచ్చింది. నూకరత్నం కళ్ళు మూసుకుని సొరంగం పొడుగెంతో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. వెలుతురు రాగానే మళ్ళీ నొక్కింది. ఈసారి నాలుగు మోతలకే ఎవరో ఎత్తారు.

“మామ్మగారూ! ఎక్కడున్నారు? బయటికి వచ్చేశారా?”

అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు. తరువాత ఒక మగగొంతు, ఎంతో మర్యాదగా, “అక్కా, మామ్మగారు పనిలో ఉన్నారు. మీరు హాయిగా అరకు చూసి రండి” అంది.

ఆ ‘అక్కా’ అన్న పిలుపు వినగానే నూకరత్నానికి కుసుమ గుర్తొచ్చింది. తామరపువ్వు వెనక ఉన్న మొహం ఎవరిదో ఆమెకు అప్పుడు తెలిసింది. “బాబూ, ఇంట్లో ఏముంటే అది తీసుకుపో. ఆవిడ జోలికి వెళ్ళకు. నీకు దణ్ణం పెడతాను...” అంటూనే ఉంది. అవతల ఫోను కట్టేశారు. ఆమె మాటలు ఎవరూ వినలేదు.

సూరిబాబు డిపోలో పనిచేసే అప్పలరాజుకు ఫోను చేశాడు. రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది. “అప్పలరాజూ, మా ఇంట్లో దొంగ పడ్డాడు. మామ్మగారు లోపల...” అనేలోపు మళ్ళీ చీకటి. అతను ఎంత విన్నాడో, అసలు విన్నాడో లేదో తెలియదు. ఆ సొరంగం మిగతావాటికంటే పొడుగ్గా ఉంది. హారిక తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అమ్మా, మామ్మకేం కాదుగా?” అని ఏడుస్తూ అడిగింది. బంగారం గురించి గానీ బీరువా గురించి గానీ నూకరత్నానికి ఆ క్షణంలో తలపే లేదు. చూపు ఆనని ఆ ముసలి మనిషి ఆ ఇంట్లో వాడితో ఒంటరిగా ఉంది. ఆమె ఒంటరిదని వాడికి చెప్పింది తనే.

వెలుతురు రాగానే ఆమె గ్రూపు తెరిచింది. ఐదువందల మంది ఉన్నారు కదా, ఒక్కరైనా పరిగెత్తరా అన్న ఆశ. “తునిలో ఎవరైనా ఉన్నారా? మా ఇంటికి వెళ్ళండి, త్వరగా” అని రాసి పంపింది. అది వెళ్ళలేదు. పక్కన గడియారం బొమ్మ అలాగే ఉండిపోయింది.

బండి బొర్రా గుహల స్టేషనులో ఆగింది. ముగ్గురూ సామాను కూడా సరిగ్గా అందుకోకుండా దిగిపోయారు. ప్లాట్‌ఫారం మీద జనం ఫోటోలు తీసుకుంటున్నారు. వేడి వేడి వెదురు చికెన్ అమ్మేవాళ్ళు పిలుస్తున్నారు. నూకరత్నం చేతిలో ఫోను ఒక్కసారిగా గణగణలాడింది. ఆమె రాసింది దారిలో ఎక్కడో వెళ్ళినట్టుంది, జవాబులన్నీ ఇప్పుడు వచ్చి పడ్డాయి.

“అయ్యో, నేను కరీంనగర్‌లో ఉన్నాను.” “నేను నెల్లూరు అక్కా.” “దేవుడిమీద భారం వేయండి.” ఇంకెవరో ఏడ్చే బొమ్మ పెట్టారు. అన్నిటికంటే పైన చిన్న అక్షరాలతో ఒక వరుస ఉంది. కుసుమ గ్రూపు నుంచి వైదొలిగారు.

అప్పుడే సూరిబాబు ఫోను మోగింది. అప్పలరాజు. నూకరత్నమే లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది.

“వదినా, మేం నలుగురం వెళ్ళాం. గేటు బార్లా తీసి ఉంది. బీరువా పగలగొట్టేశాడు. వాడు దొరకలేదు...”

“అదంతా తరువాత! మామ్మగారు బతికే ఉందా?”

“ఉంది వదినా, ఉంది! వంటింట్లో పెట్టి బయట గడియ వేసేశాడు. కుడి మణికట్టు విరిగినట్టుంది. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం.”

నూకరత్నం ఆ ప్లాట్‌ఫారం మీదే కూలబడి బావురుమంది. అరకు వాళ్ళకు ఇంకో గంట దూరంలో ఉంది. ఎవరూ దాని మాట ఎత్తలేదు. జీపు మాట్లాడుకుని కొండ దిగి, దొరికిన బస్సు ఎక్కి, సాయంత్రానికి తుని చేరారు.

ఆస్పత్రిలో మామ్మగారు గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టారు. నూకరత్నం అడుగుల చప్పుడు గుర్తుపట్టి లేవబోయింది.

“పడుకోండి మామ్మగారూ” అంది నూకరత్నం. మంచం పక్కన కూర్చుంది.

“బీరువాలోవి పోయాయటగా” అంది మామ్మగారు నీరసంగా. “నీ గాజులు, గొలుసు, ఆధార్ కాగితాలు, పాసుపుస్తకాలు... అన్నీ పట్టుకుపోయాడని అప్పలరాజు చెప్పాడు.”

“పోతే పోనివ్వండి. వాడు మిమ్మల్ని ఎందుకు కొట్టాడు?”

“కొట్టలేదమ్మా, తోసేశాడు. నువ్వు ఇవ్వొద్దన్నావుగా? ఆ ఒక్క మాటే వినబడింది, తరువాత ఫోను ఆగిపోయింది. రత్నం వద్దంది, నేనివ్వనన్నాను. తాళాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి మెలిపెట్టి లాక్కోబోయాడు. కిటికీలోంచి పెరట్లోకి విసిరేశాను. వాడికి దొరకలేదు. దాంతో ఒళ్ళు మండి తోసేశాడు.”

సూరిబాబు కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

“తప్పు నాదేనమ్మా” అంది మామ్మగారు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నాయి. “తలుపు తీసింది నేనే కదా? ఈ వయసులో నాకా మాత్రం బుద్ధి ఉండొద్దూ? కానీ వాడు పిల్ల పేరు చెప్పాడు, పెట్టె నంబరు చెప్పాడు. రత్నం చెప్పకపోతే పరాయి వాడికి ఇన్ని సంగతులు ఎలా తెలుస్తాయిలే అనుకున్నాను.”

నూకరత్నం ఆవిడ ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అబద్ధం చెప్పి గట్టెక్కడానికి అవకాశం ఉంది. పోలీసులూ అడగలేదు, మామ్మగారికి వాట్సాప్ అంటే ఏమిటో తెలియదు. కానీ ఆ కట్టు వైపు చూశాక ఆమెకు ఆ ఆలోచన నిలబడలేదు.

“మీరు సరిగ్గానే అనుకున్నారు మామ్మగారూ” అంది. “వాడికి అన్నీ నేనే చెప్పాను.”

పోయిన కాగితాలు మళ్ళీ చేయించుకోవడానికి నూకరత్నం ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ కాగితాలతో ఎవరు ఎక్కడ ఏం చేస్తారోనన్న భయం ఆ తరువాత కూడా వదల్లేదు. మామ్మగారి మణికట్టు అతికింది గానీ ముగ్గు పెట్టేంత పట్టు మళ్ళీ రాలేదు.

నీతి: ఊరు వెళ్ళేటప్పుడు ఇంటి సంగతులూ మనవాళ్ళ సంగతులూ ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పకూడదు, మనం సరదాకు బయటపెట్టిన మాటకు శిక్ష మనల్ని నమ్మినవాళ్ళు అనుభవించవలసి వస్తుంది.