బార్బరమ్మ గంట

మబ్బు పట్టిందంటే జోజమ్మ గంట గోపురం వైపు చూసేది కాదు.

కొండ మీద చర్చిలో ఉరుము వినపడగానే గంట కొట్టాలి. ఆ మోతకి పిడుగు పక్కకి తప్పుకుంటుందని తరాల నమ్మకం. కింద ఊళ్లో వాళ్లు ‘అర్జునా, ఫల్గుణా’ అనుకునేవారు. క్రైస్తవులు అలా అనకూడదు కాబట్టి గంట కొట్టేవారు. బిషప్ గారు ఆ గంటకి నూనె రాసి, పిడుగుల నుంచి కాపాడే పునీతురాలి పేరే పెట్టారు, బార్బరమ్మ అని.

ఇనప గొలుసు లాగి దాన్ని మోగించే పని మఠంలోని ఆడవాళ్లది. ఇలాంటి పనులు ఎప్పుడూ వాళ్లవే.

రెండేళ్ల కిందట ఆ గొలుసు పట్టుకుని ఉండగానే పిడుగు పడి తెక్లమ్మ చచ్చిపోయింది. ముప్పై ఏళ్లు ఆ చర్చి ఊడ్చిన మనిషి. "ఆమె విశ్వాసంలో ఏదో లోపం ఉండి ఉంటుంది" అని అంత్యక్రియల ప్రసంగంలో చెప్పారు ఫాదర్ బాలశౌరి. ఆ లోపమేమిటో ఊరు నాలుగు రకాలుగా చెప్పుకుంది. పాడె కొండ దిగకముందే.

ఇప్పుడు ఆ పని జోజమ్మకి వచ్చింది. మఠంలో చేరి ఏడాదైంది. వచ్చే ఆదివారం మఠకన్యగా ప్రమాణం చేయాలి.

శుక్రవారం మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకొచ్చింది. జోజమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. మదర్ బ్రిజిత చింతపండు పిక్కలు తీస్తోంది. మఠంలో చేరిన పిల్లలకి చదువూ జపమూ నేర్పే పెద్దావిడ.

"మదర్, నా విశ్వాసం సరిపోతుందా?"

"దేనికి?"

"గొలుసు పట్టుకోడానికి."

మదర్ చేతులు కడుక్కుని, జోజమ్మని వరండాలోకి తీసుకెళ్లింది. గోపురం కనిపించే చోట కూర్చోబెట్టింది.

"మెరుపు కనపడగానే పరలోక జపం మొదలుపెట్టు. తొందరపడకు. ఉరిమితే ఆపెయ్."

మెరిసింది. జోజమ్మ మొదలుపెట్టింది. జపం మధ్యలో, నేటి అన్నం అడిగే చోటికి వచ్చేసరికి ఉరిమింది.

"మళ్లీ."

ఈసారి జపం అంతకంటే ముందే, దేవుడి రాజ్యం రావాలని అడిగే చోటే ఆగింది.

జోజమ్మ గోడ వైపు జరిగింది. "దగ్గరికొస్తోంది మదర్!"

"ఎవరు చెప్పారు?"

"జపమే చెప్తోంది కదా."

"అయితే విను."

ఫాదర్ బాలశౌరి అంగీ ఎత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"గంట ఏదీ? లే జోజమ్మా! విశ్వాసం వదలనందుకు రాజు అగ్నిగుండంలో తోయించిన ముగ్గుర్ని కాపాడిన దేవుడు నిన్ను కాపాడడా?"

"ఆ గుండం రాజేసింది ఎవరు ఫాదర్? ఆయన్ని నమ్మినవాళ్లా?" అంది మదర్.

"పిడుగు దేవుడి చేతిలోది, మదర్."

"చేతిలోదే. అందుకే ఒక పద్ధతి మీద పడుతుంది. ఎత్తున్న చోట, ఇనుమున్న చోట."

"దొరల పుస్తకాల్లో మాటలు! బుద్ధిని నమ్ముకుని దేవుణ్ణి వదిలేసినవాళ్ల మాటలు!"

"పుస్తకం ముట్టకుండానే తెక్లమ్మ చెప్పింది ఫాదర్. చచ్చిపోయి."

ఫాదర్ ఆవిణ్ణి వదిలి జోజమ్మ వైపు తిరిగారు. "లేవకపోతే ఆదివారం ప్రమాణం ఉండదు. పెట్టె సర్దుకో."

జోజమ్మ మదర్ చెయ్యి పట్టుకుంది. వెళితే చావు. వెళ్లకపోతే తెక్లమ్మని అన్న మాటలు రేపటి నుంచి తనని అంటారు, బతికుండగానే.

"మీరే చెప్పండి మదర్."

మదర్ నెమ్మదిగా తన చెయ్యి విడిపించుకుంది.

మెరిసింది. జోజమ్మ పెదాలు కదిలాయి. మొదటి మాట పూర్తి కాలేదు, పెంకులు అదిరాయి.

ఆమె లేవలేదు.

ఆ తర్వాత మెరుపూ మోతా ఒక్కసారే వచ్చాయి. కళ్లు తెరిచేసరికి గోపురం పైమూల లేదు. గొలుసు ఒంటరిగా ఊగుతోంది. కాలిన వాసన. అప్పుడు మొదలైంది వాన.

ఫాదర్ శిలువ గుర్తు వేసుకున్నారు.

"మోగించి ఉంటే పడేది కాదు" అన్నారు ఫాదర్. పడమట మళ్లీ ఉరిమింది. "ఇంకోటి వస్తోంది. ఇప్పుడైనా వెళ్లు."

జోజమ్మ లేచింది.

"పదండి ఫాదర్, ఇద్దరం వెళదాం. మీ విశ్వాసం నాకంటే పెద్దది. ముందు మీరు పట్టుకోండి."

ఫాదర్ ఒక మెట్టు దిగారు. గోపురం వైపు చూస్తూ చెయ్యి ముందుకి చాపారు. మెరిసింది. చాపిన చెయ్యి గబుక్కున వెనక్కి వచ్చి అంగీలో దూరింది.

"దాచుకోకండి ఫాదర్" అంది మదర్ బ్రిజిత. "ఆ చేతికి వెనక్కి రావడం నేర్పింది కూడా ఆ దేవుడే."