సింగారి పక్కన ఖాళీ

"మాస్టారూ, అభిమానుల మాట వినాలా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి," అని శిష్యురాలు వైదేహి అడిగింది. ఒక్క ముక్కలో చెప్పే అలవాటు కోటేశ్వరాచారి గారికి ఏనాడూ లేదు. ముప్పయ్యేళ్లుగా పుస్తకాలకి అట్టబొమ్మలు వేస్తున్న మనిషి. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుని ఎక్కడికో బయల్దేరతారు. అడిగినవాళ్లు వెనకాల పరుగెత్తాలి. ఆ రోజు నేనూ పరుగెత్తాను. ఆయన బొమ్మలు వేసే ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దేది నేనే కాబట్టి, కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ముందు ఆ అమ్మాయి గోలేమిటో చెప్పాలి. 'నీలిలంక' అని ఏడు భాగాల నవల ఒకటుంది. పడవ నడిపే సింగారి, ఆమె ఎక్కి తిరిగే రెక్కల మొసలి గండడు. చిన్నపిల్లల పుస్తకం అనుకునేరు! బ్యాంకు మేనేజర్లు, నర్సమ్మలు, కాలేజీ లెక్చరర్లు పడి చచ్చిపోయేవారు దానికోసం. ఆరు భాగాలు వచ్చేశాయి. ఆఖరి భాగానికి అట్ట వేసే పని వైదేహికి దక్కింది. అది ఆమెకి మొట్టమొదటి అట్ట. మా పనిలో ఒక చోద్యం ఉంది. రచయిత ఆఖరి అధ్యాయాలు ఇంకా రాస్తూ ఉండగానే అట్ట అచ్చుకి వెళ్లిపోతుంది. కథ ఏమవుతుందో బొమ్మ వేసేవాళ్లకి తెలియదు. మా సంస్థ యజమాని చెప్పే ఒక్క వాక్యమే ఆధారం. ఈసారి ఆయన "సింగారి ఒక్కతే ఒడ్డున నిలబడి ఉండాలి" అన్నాడు. వైదేహి అచ్చం అలాగే వేసింది.

ఆ చిత్తుబొమ్మని ఆయన అభిమానుల ఫోను గ్రూపులో పెట్టాడు. ఇంకేముంది, తేనెతుట్టె కదిలింది! ఆకాశం ఎరుపెక్కువైందని ఒకరు. సింగారి మరీ పొట్టిగా ఉందని ఒకరు. పడవకి రంగు తప్పని, పేరు అక్షరాలు బొమ్మని మింగేస్తున్నాయని, అసలు ఈ అమ్మాయికి బొమ్మ వేయడం వచ్చా అని ఇంకొందరు. పాపం పిచ్చిది, అందరి మాటా విని నాలుగుసార్లు మార్చింది. మార్చినకొద్దీ తిట్లు పెరిగాయి. చివరికి యజమాని, సోమవారం పొద్దున్నకి తేలకపోతే అట్ట వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు. అప్పుడే ఆమె ఏడుపు దిగమింగుకుంటూ వచ్చి ఆ ప్రశ్న అడిగింది. అది శనివారం.

మాస్టారు ఆమె మొదటి బొమ్మనే తలుపంత కాగితం మీద రంగుసుద్దలతో మళ్లీ వేయించారు. సుద్ద రాలకుండా మందు కొట్టనివ్వలేదు. "ముట్టుకుంటే చెరిగిపోతుంది మాస్టారూ!" అని ఆమె మొత్తుకుంది. "చెరగనీయమ్మా," అన్నారాయన. ఆదివారం దాన్ని పుస్తక ప్రదర్శనకి మోయించుకెళ్లి, మా స్టాలు ముందు నిలబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

అబ్బబ్బ, ఏం జనం! పది నిమిషాల్లో దారి మూసుకుపోయింది. ఆరు భాగాలూ చంకన పెట్టుకుని వచ్చినవాళ్లే అందరూ. "ఈ ఆకాశం చూడండి, బోసిగా లేదూ?" అని ఒకాయన బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఆకాశం బాగానే ఉంది, నీళ్లే బాగాలేవు," అని ఒకావిడ తనూ వేలు పెట్టింది. ఇద్దరూ అక్కడే పోట్లాడుకున్నారు. ఇంకొకతను సింగారిని కాస్త ఇటు జరపాలి అంటూ అరచెయ్యి పెట్టి మరీ చూపించాడు. వైదేహి ప్రతి మాటా నోటుబుక్కులో రాసుకుంటోంది. మాస్టారు మాత్రం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వాళ్ల చేతులవంకే చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల బతుకు గాల్లో ఊగుతుంటే శనక్కాయలా!

ఇంతలో ఖాకీ చొక్కాలో ఒక కండక్టరమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. మరియమ్మ అని చొక్కా మీద పేరుంది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది. చాలాసేపు బొమ్మని చూసింది. రంగుల గురించి ఏమీ అనలేదు.

"గండడేడీ సార్?" అంది మెల్లగా. "పోతాడా?"

పోట్లాడుకుంటున్నవాళ్లంతా ఒక్కసారిగా బొమ్మవైపు తిరిగారు. ఆకాశమూ లేదు, నీళ్లూ లేవు. ఆ తర్వాత వెనకనుంచి ఎవరో గొంతు చించుకుని "పోడు! గండడు పోడు!" అని అరిచారు. అంతే, స్టాలు స్టాలంతా అందుకుంది. "పోడు! పోడు!" పక్క స్టాలువాళ్లు ఏమైందోనని బల్లలెక్కి చూశారు. నిజం చెప్పొద్దూ, నేనూ అరిచాను, జీతమిచ్చే యజమాని పక్కనే ఉన్నాడని కూడా మర్చిపోయి.

జనం పలచబడ్డాక మాస్టారు లేచి పొట్టు దులుపుకుని, బొమ్మని వెలుగుకి తిప్పారు. సింగారి ముఖం చెక్కుచెదరలేదు. పడవ రంగూ పోలేదు. ఆమె ఎడమ పక్కన, ఆకాశం, నీళ్లు తప్ప ఏమీ వేయకుండా మనిషెత్తున ఖాళీగా వదిలిన చోట మాత్రం సుద్ద మొత్తం లేచిపోయి తెల్లకాగితం బయటపడింది. అన్ని వేళ్లూ అక్కడే పడ్డాయి. వైదేహి తన నోటుబుక్కు చూసుకుంది. పద్నాలుగు పేజీల అభిప్రాయాలు, ఒకదానికొకటి పొంతన లేదు. మెల్లగా మూసేసింది.

"మరి గండణ్ణి వేసేయమంటారా మాస్టారూ? కథలో నిజంగానే పోతే? అట్ట అబద్ధం చెప్పినట్టు కాదూ?"

"నువ్వు ఆరు భాగాలూ చదివావా?"

"మూడేసి సార్లు."

"ఏడోదాంట్లో వాడు పోతాడేమోనని నీకు భయం లేదూ?"

వైదేహి కళ్లు నిండిపోయాయి. బొమ్మ దగ్గరికెళ్లి, ఆ తెల్లటి చోట తనూ అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది.

"హమ్మయ్య," అన్నారు మాస్టారు చెప్పులు వెతుక్కుంటూ, "ఇందాకటినుంచీ నీ అభిప్రాయం కోసమే కూర్చున్నానమ్మా. పద, ఆ తెల్లటి చోటు అలాగే ఉంచి వేద్దువుగాని, తెల్లారేసరికి ఇవ్వాలి."