కాకిబంగారం పూత

ఏకాంబరానికి ముత్యపు మెరుపు రాలేదు. ఎనిమిదోసారి కూడా రాలేదు.

మూరెడు పొడవున్న చెక్క పడవను ఎండలోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆలిచిప్ప లోపలి వైపులాగా నీలంగా, గులాబీగా మెరవాల్సినది ఉప్పు పేరుకున్న రాయిలా ఉంది. తెలుపు తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపు చూశాడు. తర్వాత గాజుపెంకు తీసుకుని పూతంతా గీకెయ్యడం మొదలుపెట్టాడు.

దర్గా అరుగు మీద దస్తగిరి సాహెబు వార్నీషు వడగట్టుకుంటున్నాడు. చూశాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

అది చుక్కాని వలీ దర్గా. సముద్రానికి కూతవేటు దూరం. లోపల దూలాల నిండా చిన్న చిన్న పడవలు వేలాడుతుంటాయి. వేటకు పోయిన మనిషి కోసం ఇంటివాళ్ళు మొక్కుకుని కట్టినవి. కొందరు మనిషి తిరిగొచ్చాక కట్టారు. కొందరు రావాలని కట్టారు. అన్నీ ఒకేలా మెరుస్తాయి. నలభై ఏళ్ళుగా వాటిని చేసేది దస్తగిరి సాహెబు ఒక్కడే. గూడూరు వైపు నేలలో దొరికే అభ్రకాన్ని ఆ ఊళ్ళలో కాకిబంగారం అంటారు. దాన్ని పిండిలా నూరి, పలచటి గుడ్డలో జల్లించి, వార్నీషులో కలిపి పూస్తాడు.

ఏకాంబరం పక్క పాలెం వాడు. పడవలు కట్టే పనివాడు. అతని అన్న తిరుపాలు కిందటి కార్తీకంలో వేటకు పోయాడు. ఆ రోజు గాలివాన లేచింది. నాలుగు పడవలు పోతే మూడు వచ్చాయి.

"నా చేత్తో పడవ చేసి దర్గాలో కడతాను ఒదినా. అది ముత్యంలా మెరిసిన రోజు అన్న వస్తాడు" అని ఏకాంబరం తన వదిన చెంచమ్మకు మాటిచ్చాడు. ఆ మాట ఎవరూ అడగలేదు. నోటికి వచ్చింది, అనేశాడు. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది.

ఆ పాలెంలో ఒక ఆచారం ఉంది. సముద్రం మీదికి పోయినవాడు ఏడాది దాకా రాకపోతే ఇంటివాళ్ళు దీపం మసి తీసి అతని తెడ్డుకు పూస్తారు. ఆ తెడ్డును ఒడ్డున పాతి వస్తారు. అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ సముద్రం వైపు చూస్తూ కూర్చోరు. ఇల్లాలు గాజులు తీసేస్తుంది.

తిరుపాలు తెడ్డు ఇంకా ఇంటి చూరులోనే ఉంది. పాలెం పెద్దకాపు రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పున్నమికి ఏడాది నిండుతుందమ్మా. నువ్వు పూస్తావా, మమ్మల్ని పూయమంటావా?" అని అడిగాడు.

"పడవ మెరవలేదు ఇంకా" అంది చెంచమ్మ.

పెద్దకాపుకు ఆ మాట అర్థం కాలేదు. ఏకాంబరానికి అర్థమైంది.

ఏకాంబరం దర్గాకు వచ్చిన మొదటి రోజే దస్తగిరి సాహెబు అతని ముందు ఒక కొబ్బరిచిప్ప పెట్టాడు. చిప్పలో మసి. సమాధి దగ్గర గూట్లో వెలిగే దీపం మీద పెంకు బోర్లించి పట్టిన మసి.

"ముందు ఇది పుయ్యి. అద్దంలా నున్నగా తేలేదాకా పుయ్యి. ఆరినాక పైన కాకిబంగారం."

ఏకాంబరం చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మసా? మా అన్న పడవకా?"

"అన్ని పడవలకీ అదే అబ్బయ్యా."

ఏకాంబరం తలెత్తి దూలాలకేసి చూశాడు. అన్ని పడవల కిందా మసి ఉందన్న సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు. చూసేవాళ్ళకు పై మెరుపే కదా కనబడేది.

"మా అన్న బతికుండాడు. నేను తెల్లటి పూత మీదే మెరుపు తెప్పిస్తా" అన్నాడు.

"తెప్పించు" అన్నాడు సాహెబు.

ఆ చిప్పను తీసి గూట్లో పెట్టేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చెప్పిందే పదిసార్లు చెప్పే గురువులుంటారు. ఈయన ఆ రకం కాదు.

ఏకాంబరం సుద్ద నూరి జిగురులో కలిపి పడవకు తెల్లటి పూత వేశాడు. దాని మీద కాకిబంగారం పూశాడు. మెరుపు రాలేదు. పొడి లావుగా ఉందేమో అనుకుని మళ్ళీ నూరాడు. రాలేదు. పొడి చాలలేదేమో అనుకుని రెండింతలు కలిపాడు. పడవ మీద బూడిద పడ్డట్టయింది. వార్నీషు మార్చాడు. కుంచె మార్చాడు. పూసిన ప్రతిసారీ నాలుగు రోజులు ఆరనిచ్చేవాడు, ఆరినాక చూసేవాడు, చూసి గీకేవాడు.

శుక్రవారం శుక్రవారం చెంచమ్మ వచ్చేది. లోపలికి వచ్చేది కాదు. వాకిట్లో కూర్చుని అడిగేది.

"వచ్చిందా అబ్బయ్యా?"

"రాలేదొదినా. ఈసారి వస్తాది."

ఆమె కాసేపు కూర్చుని, లేచి, చీర కొంగుకు అంటిన ఇసుక దులుపుకుని వెళ్ళిపోయేది. ఒక్క శుక్రవారం మాత్రం వెళ్ళబోతూ ఆగింది. "నిదానంగానే చెయ్యి. తొందరేం లేదు" అంది.

ఆ మాట విన్నాక ఏకాంబరం ఆ రోజు అన్నం తినలేకపోయాడు.

ఇప్పుడు ఎనిమిదో పూత గీకడం అయిపోయింది. పున్నమి ఇంకా పదకొండు రోజులుంది. దస్తగిరి సాహెబు లేచి వచ్చి పడవను అతని చేతిలోంచి తీసుకున్నాడు. సూర్యుడికి అడ్డంగా పట్టుకున్నాడు.

చెవితమ్మెలోంచి ఎండ కనబడ్డట్టు చెక్కలోంచి ఎర్రటి వెలుగు కనబడింది.

"ఇంకొక్కసారి గీకావంటే పడవ ఉండదు" అన్నాడు.

ఏకాంబరం నేల మీద కూలబడ్డాడు. చేతులు ఒళ్ళో పడేసుకున్నాడు. గోళ్ళ సందుల్లో సుద్ద.

"నాకు చేత కాలేదయ్యా. ఇక కాదు. మా వదినకు నేనేం చెప్పేది?"

"సముద్రాన్ని దాటే పడవలు కట్టినోడివి. మూరెడు పడవకు ఓడిపోయావా?"

అది పరాచికానికే అన్నాడు సాహెబు. కానీ ఏకాంబరానికి ఒళ్ళు మండింది.

"మీకేందయ్యా! ఊళ్ళోవాళ్ళకు చేసిపెట్టేవాళ్ళు మీరు. మసి పూస్తారు, మెరిపిస్తారు, కట్టేస్తారు. సొంతమనిషికి చేస్తే తెలుస్తాది, ఆ మసి చేతికి ఎట్టా అంటుకుంటాదో!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

దస్తగిరి సాహెబు చేతిలోని పడవను అరుగు మీద పెట్టాడు. ముక్కాలిపీట తీసుకుని లోపలికి పోయాడు. సమాధి తలవైపున, అన్నిటికంటే ఎత్తులో వేలాడే పడవ ఒకటుంది. పీట ఎక్కి దాని తాడు విప్పాడు.

అది జిలానీ పడవ. జిలానీ అంటే దస్తగిరి సాహెబు కొడుకే. ఒక్కడే కొడుకు. ఇరవై రెండేళ్ళ కిందట పాలెం వాళ్ళ పడవలో సరదాకు వేటకు పోయాడు, తిరిగి రాలేదు. ఈ సంగతి ఆ తీరంలో అందరికీ తెలుసు. ఏకాంబరానికీ తెలుసు. కోపంలో మరిచిపోయాడు, అంతే.

సాహెబు ఆ పడవను తెచ్చి ఏకాంబరం చేతుల్లో పెట్టాడు. ఏకాంబరం చేతులు కిందికి జారాయి. అది బరువుగా ఉంది. అంత చిన్న పడవ అంత బరువు ఉండకూడదు. పడవలు కట్టేవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

"గీకు" అన్నాడు సాహెబు.

"అయ్యా!"

"గాజుపెంకు నీ దగ్గరే ఉందిగా. గీకు."

"తప్పయిపోయిందయ్యా. నోరు జారాను. దీన్ని నేను ముట్టుకోను."

"ఎనిమిదిసార్లు గీకిన చెయ్యి. తొమ్మిదోసారికి జంకుతుందేం?"

ఏకాంబరం ఆయన ముఖంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు. ఏముందో అతనికి తెలియలేదు. గాజుపెంకు ఏటవాలుగా పట్టుకుని పడవ పక్కన రూపాయంత మేర గీకాడు.

మెరిసే పొర లేచిపోయింది. కింద నలుపు. సాహెబు చెప్పినట్టే దీపం మసి.

"చూశానయ్యా. మసే" అన్నాడు. ఇక చాలన్నట్టు పెంకు కింద పెట్టబోయాడు.

"ఇంకా."

మళ్ళీ గీకాడు. నలుపు లేచిపోయింది.

కింద తెలుపు.

ఏకాంబరం చెయ్యి ఆగింది. వేలికి ఉమ్మి తడి చేసుకుని రుద్ది చూశాడు. సుద్దే. తాను నూరినలాంటి సుద్దే. దాని అంచున కాకిబంగారం పొర ఒకటి, మెరుపు లేకుండా. ఇంకొంచెం గీకాడు. మళ్ళీ తెలుపు. మళ్ళీ మెరవని కాకిబంగారం. మళ్ళీ తెలుపు. ఏటవాలుగా గీకడం వల్ల ఆ పొరలన్నీ చెట్టు మొద్దులో వలయాల్లాగా ఒకదానిలో ఒకటి తేలాయి.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. తాను ఎనిమిది దగ్గర ఉన్నాడు. ఎనిమిది దాటింది. పన్నెండు దాటింది. పందొమ్మిది దాకా లెక్కపెట్టి ఆపేశాడు. చెక్క ఇంకా తగల్లేదు.

సాహెబు గీకలేదు. ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయాడు.

ఏకాంబరం గాజుపెంకు కింద పెట్టాడు. సముద్రం హోరు వినబడుతూనే ఉంది.

"అయ్యా, గీకిన చోట ఏం పూసేది?" అని అడిగాడు ఏకాంబరం చివరికి.

"ఉండనీ."

సాహెబు పడవను తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ కట్టేశాడు. కట్టి, పీట దిగి, గీకిన పక్క తనకు కనబడుతోందో లేదో ఒకసారి చూసుకుని వచ్చి మళ్ళీ వార్నీషు ముందు కూర్చున్నాడు.

ఏకాంబరం లేచాడు. ఎవరూ చెప్పలేదు. గూటి దగ్గరికి పోయి, దీపం మీద బోర్లించిన పెంకు తీసి, దాని మసిని వేలితో చిప్పలోకి రాల్చాడు.

పలచబడిన ఆ పడవకు మొదటి పూత వేసేటప్పుడు ఏడ్చాడు. రెండో పూతకు ఏడవలేదు. పూత మీద పూత వేసి, తడిగుడ్డతో రుద్ది, మళ్ళీ వేశాడు. ఆరో రోజుకు పడవ పక్కల్లో తన ముఖం కనబడింది. అప్పుడు కాకిబంగారం కలిపి ఒక్కసారే కుంచె లాగాడు. మళ్ళీ దాని మీద చెయ్యి పెట్టలేదు.

ఆరింది. వాకిట్లోకి తెచ్చి చూశాడు.

వచ్చింది. నీలం, దాని వెనక ఆకుపచ్చ, దాని వెనక గులాబీ. పడవను కదిపినప్పుడల్లా ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి.

ఏకాంబరం పడవను గుడ్డ మీద పెట్టాడు. ఒడ్డు వైపు దారికి వీపు పెట్టి కూర్చున్నాడు.

అది శుక్రవారం. చెంచమ్మ వచ్చింది. ఎప్పటిలాగే వాకిట్లో కూర్చోబోయి పడవను చూసింది. కూర్చోలేదు.

వచ్చిందా అని అడగలేదు. పడవ కేసి చూసింది. తర్వాత ఒడ్డు వైపు దారి కేసి చూసింది. ఎండలో ఆ దారి పొడుగునా ఎవరూ లేరు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకాసేపు చూసింది. ఆ తర్వాత మరిది చేతుల కేసి చూసింది. గోళ్ళు నల్లగా ఉన్నాయి.

"ఇది ఎట్టా వచ్చింది అబ్బయ్యా?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాడు ఏకాంబరం. నోరు తెరిచాడు కూడా.

"కింద మసి ఉండాది ఒదినా" అన్నాడు.

ఆమె పడవ పక్కన చతికిలబడింది. వేలి కొసతో దాని ముక్కు నుంచి తోక దాకా నిదానంగా నిమిరింది. గాజులు చెక్కకు తగిలి చప్పుడయ్యాయి. ఆ చప్పుడు విని చెయ్యి తీసేసుకుంది.

"ఆ మసి ఏమైనా మిగిలిందా?" అని అడిగింది.

ఏకాంబరం తల ఎత్తలేదు.

దస్తగిరి సాహెబు గూట్లోంచి కొబ్బరిచిప్ప తీశాడు. గాలికి ఎగరకుండా పైన గుడ్డ కప్పాడు. రెండు చేతులతో తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"తెడ్డుకు సరిపోద్దమ్మా" అన్నాడు.