పంజరం వదలనన్న చిలుక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరినీ కరాళుడనే మాంత్రికుడు రాతిబొమ్మలుగా మార్చేశాడు. మూడోవాడు సుకేతుడు వెళ్లి వేడుకుంటే, ఏడు సముద్రాల అవతల జరిగే మూడు పండుగలు చూసి ఒక్కోదాని గుర్తు తెమ్మన్నాడు. దారి చెప్పడానికి పంజరంలో మాట్లాడే చిలుకను కూడా ఇచ్చాడు. చిలుకకు ఏమైనా అయితే అన్నల మీద ఆశ వదులుకోమన్నాడు.

కీడు చేసినవాడు తోడు ఎందుకిచ్చాడు? సుకేతుడికి అనుమానం వచ్చింది.

ముసలి తాబేలొకటి వీపున ఎక్కించుకుని సముద్రాలు దాటించింది. మొదటి దేశంలో నడివేసవి పండుగ. అర్ధరాత్రయినా సూర్యుడు అస్తమించలేదు. జనం పూలదండలు వేసుకుని ఆడుతున్నారు. సుకేతుడు ఒక దండ తీసుకున్నాడు. చిలుక మాత్రం గద్దలొస్తాయేమోనని ఆకాశం వంకే చూసింది. రెండో దేశంలో ఆకాశాన పచ్చని వెలుగు తెరలా ఊగుతోంది. దాని కింద మంచుతో కోటలు కట్టి దీపాలు పెడుతున్నారు. సుకేతుడు ఒక దీపం తీసుకున్నాడు. అతనికి జ్వరమొస్తే చిలుక పట్టించుకోలేదు. తనకు ఒక్క తుమ్ము వస్తే గోలగోల చేసి అతని కంబళి కప్పించుకుంది. సుకేతుడి అనుమానం ఇంకాస్త పెరిగింది.

మూడో దేశంలో కొత్త సంవత్సరం. అందరూ ఒకరిమీద ఒకరు నీళ్లు చల్లుకుంటున్నారు. ఆ రోజు పంజరంలోని పిట్టలను వదిలేయడం వాళ్ల ఆచారం. ఆ దేశపు రాజకుమారి కుముదిని అతన్ని ఆపింది.

"ఏమయ్యా పరదేశీ, పండుగ పూట పిట్టను బంధించి తిరుగుతున్నావా? తలుపు తియ్యి."

సుకేతుడు గడియ మీద చెయ్యి వేశాడు. చిలుక కమ్మీలు పట్టుకుని వణికింది.

"వద్దు, నన్ను వదలకు."

"రెక్కలున్నాయి కదా, ఎగరడానికేం?"

"గద్ద తన్నుకుపోతే మా దొర బతకడు," అని చిలుక నోరు జారింది.

సుకేతుడు గడియ బిగించాడు. కరాళుడు తన ప్రాణాన్ని ఈ చిలుకలో పెట్టి శత్రువు చేతిలోనే దాచాడన్నమాట. అన్నల కోసం సుకేతుడు దాన్ని కంటికి రెప్పలా కాస్తాడని వాడి ఎత్తు. సంగతంతా చెబితే కుముదిని సగమే నమ్మింది. నిజమో కాదో కళ్లారా చూస్తానని మూడో గుర్తుగా పండుగ నీళ్లు చల్లే గిన్నె పట్టుకుని తనూ తాబేలెక్కింది.

కరాళుడు గుర్తుల వంక చూడనైనా లేదు. నేరుగా పంజరం కోసం చెయ్యి చాచాడు. సుకేతుడు మళ్లీ గడియ మీద చెయ్యి వేశాడు.

"ముందు మా అన్నలు."

పైన గద్ద తిరుగుతోంది. కరాళుడి ముఖం పాలిపోయింది. గబగబా మంత్రం చదివాడు. అన్నలిద్దరూ ఆవులిస్తూ లేచారు. పంజరం మాత్రం సుకేతుడు ఇవ్వలేదు.

అన్నలు తమ్ముడికే రాజ్యం ఇమ్మన్నారు. సుకేతుడు కుముదినిని పెళ్లాడి చాలాకాలం చల్లగా ఏలాడు. కరాళుడు మళ్లీ మంత్రం జోలికి పోలేదు. రోజూ కోటకు జామపండ్లు మోసుకొచ్చి చిలుక ఎలా ఉందని అడిగేవాడు. సుకేతుడు చిలుకకు పెట్టేముందు మొదటి ముక్క అతన్నే తిని చూపించమనేవాడు.

"తన ప్రాణానికి తనే విషం పెట్టుకుంటాడా?" అని కుముదిని నవ్వేది.

"ఏమో," అనేవాడు సుకేతుడు.