గుబురమ్మ చిక్కుడుపాదు

అనగనగా ఒక అడవిలో ఎవరి మాటా వినని ఎలుగుబంటి ఒకతె ఉండేది. పేరు గుబురమ్మ. ఒంటినిండా జానెడు జుట్టు. ముళ్ళపొదలో పడి దొర్లినా ఆమెకు ఒక్క ముల్లు తగిలేది కాదు. ఎదుటివాళ్ళ మాటలూ అంతే, పైపైనే ఆగిపోయేవి.

ఆ అడవిలో ఏటా కార్తీకంలో జంతువులన్నీ వనభోజనాలు చేసుకునేవి. అడవిలో ఉండేవాళ్ళకు మళ్ళీ వనభోజనాలేమిటి అని అడక్కండి. ఇంట్లో అన్నం పెట్టుకుని మీరు పక్కింట్లో తినరూ? అలాగే ఇదీనూ. ఏటికొకరు కూర వంతు తీసుకోవాలి. గుబురమ్మకు ఆ వంతు ఏనాడూ రాలేదు. ఆమె వస్తే తగవు కూడా వస్తుందని అసలు పిలవడమే మానేశారు. "పిలవకపోతే నాకేం లోటు!" అనేది పైకి. కానీ అటునుంచి నవ్వులు వినిపించినప్పుడు గుహలో ఒక్కతే కూర్చుని ఏడ్చేది.

ఒక ఏడు తొలకరి రోజుల్లో కొండముచ్చు తాతకు ఆమెను చూస్తే జాలేసింది. అడవికి పెద్ద ఆయనే.

"అమ్మాయ్, ఈ కార్తీకంలో కూర వంతు నీది. సవ్యంగా జరిగిందా, ఇక ఏటా బంతిలో నీకూ ఒక ఆకు వేస్తాం," అన్నాడు.

గుబురమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "చిక్కుడుకాయ కూర చేస్తాను తాతా! నా పెరట్లో నేను కాయించిన కాయలే!" అంది.

వెంటనే వాగు ఒడ్డుకు పరుగెత్తింది. అక్కడ నక్కబావ మొక్కలు పెంచి ఇస్తుంటాడు.

"ఏం మొక్క కావాలమ్మా?" అన్నాడు నక్కబావ.

"చిక్కుడు."

నక్కబావ వెనక్కి తిరిగి ఒక తీగమొక్క తీశాడు. తాటాకు ముక్క మీద 'చిక్కుడు' అని గుండ్రంగా రాశాడు. దారంతో మొక్కకు కట్టి ఇచ్చాడు. గుబురమ్మ దానికి బదులుగా ఒక తేనెపట్టు ఇచ్చి, దారిపొడుగునా మొక్క కన్నా చీటీనే ఎక్కువ జాగ్రత్తగా పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మొక్క నాటింది. పందిరి వేసింది. చీటీని పందిరి గుంజకు అందరికీ కనబడేలా కట్టింది.

ఆమె గుమ్మం తొక్కేది ఆ అడవిలో ఒక్కతే. అది చారలమ్మ అనే ఉడుత. తీగ పందిరెక్కిన రోజున వచ్చి ఆకు తిప్పి చూసింది.

"అక్కా, ఆకు వెనక ఈ నూగేమిటి? చిక్కుడాకు ఇలా ఉండదే."

"చీటీ చూడవే," అంది గుబురమ్మ.

పూత వచ్చాక చారలమ్మ మళ్ళీ వచ్చింది. "అక్కా, చిక్కుడుపువ్వు నిలబడి పూస్తుంది. ఇది తలకిందులుగా వేలాడుతోంది."

"చీటీ చూడవే!"

కాయలు కాశాక మూడోసారి వచ్చింది. కాయలు వంకరగా, ఒళ్ళంతా బంగారు రంగు నూగుతో ఉన్నాయి. చారలమ్మ ఒక కాయను అలా ముట్టుకుందో లేదో, కెవ్వుమని కిందికి దూకింది. చెయ్యి గోక్కుంది. తోకతో చెవి గోక్కుంది. కళ్ళనిండా నీళ్ళు.

"అక్కా, ఇది చిక్కుడు కాదు. దూలగొండి! ముట్టుకుంటే చచ్చే దురద!"

"నేను రోజూ ముట్టుకుంటున్నాను. నాకు రాని దురద నీకెక్కడిదే?"

"నీకు జుట్టు అడ్డం అక్కా! నీ ముక్కు మీద జుట్టు లేదు కదా, ఒక్క కాయ అక్కడ రాసుకుని చూడు. నా మాట అబద్ధమైతే మళ్ళీ నీ గడప తొక్కను."

గుబురమ్మ కాయ వైపు చూసింది. చీటీ వైపు చూసింది. ఒక్క క్షణం పట్టే పని అది. కానీ చెయ్యలేదు.

"చీటీ ఉండగా నా ముక్కెందుకు? నాకు వంతు వచ్చిందని ఓర్వలేక కదూ ఈ ఏడుపు! వనభోజనాలకు నువ్వు రానక్కర్లేదు పో," అంది.

చారలమ్మ చెయ్యి గోక్కుంటూ వెళ్ళిపోయింది. దురద కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

కార్తీకం వచ్చింది. ఉసిరిచెట్టు కింద ఆకులు పరిచారు. గుబురమ్మ గంపెడు కాయలు తెచ్చి మధ్యలో పోసింది. గంపకు చీటీ కట్టే ఉంది.

కొండముచ్చు తాత కళ్ళు చిట్లించాడు. "కాయలకు ఈ నూగేమిటమ్మా?"

"కొత్తరకం తాతా. చీటీ చూడండి."

తాత చీటీ చూశాడు. "నిజమే, రాసే ఉంది," అన్నాడు. పెద్దాయనే అన్నాక ఇంకెవరు కాదంటారు?

చిక్కుడుకాయలంటే ఈనెలు తియ్యాలి కదా. అందరూ కుప్ప చుట్టూ చేరి తలా గుప్పెడు తీసుకున్నారు. నాలుగు కాయలు తెమిలాయో లేదో, కుందేలు ఎగిరి పడింది. జింక చెట్టుకేసి వీపు రుద్దుకుంది. తాత రెండు చేతులూ చాలక కాళ్ళతో కూడా గోక్కుంటున్నాడు. అంతలో గాలికి నూగు ఎగిరింది. దూరంగా కూర్చున్నవాళ్ళు కూడా గోకుడు మొదలుపెట్టారు.

గుబురమ్మకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"ఏమిటీ నాటకాలు?" అని అరిచింది. "నాకు ఆకు వెయ్యడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చు కదా! ఇదిగో, చూడండి!" అని గుప్పెడు కాయలు తీసి, అందరూ చూస్తుండగా ముక్కుకేసి రుద్దుకుంది.

తర్వాత ఏం జరిగిందో చెప్పాలా? అంతటి ఎలుగుబంటీ మేకపిల్లలా అరుస్తూ వాగులో దూకింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ దూకారు. ఒంటికి బురద పూసుకుని సాయంత్రందాకా అందరూ నీళ్ళలోనే కూర్చున్నారు. ఒక్కరూ ఆమెతో మాట్లాడలేదు. పరిచిన ఆకులన్నీ గాలికి కొట్టుకుపోయాయి.

మర్నాడు ఉబ్బిన ముక్కుతో గుబురమ్మ నక్కబావ మీదికి వెళ్ళింది.

"దూలగొండి ఇచ్చి చిక్కుడంటావా, దొంగవెధవా!"

నక్కబావ తొణకలేదు. "చిక్కుడని నేనెప్పుడన్నాను తల్లీ? అన్నది నువ్వు. నువ్వన్నది నేను రాశాను. నీ మాట నువ్వే ఇన్నాళ్ళూ చదువుకున్నావు."

నక్కబావ మంచివాడని నేననను. మొక్క పేరు తెలియనివాడు మొక్కలమ్మకూడదు. కానీ అతనన్న మాట గుబురమ్మ జుట్టంతా దాటుకుని లోపలికి దిగింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, తిన్నగా చారలమ్మ చెట్టు కిందికి వెళ్ళింది.

"చెల్లీ, తప్పంతా నాదే. నీ మాట వినలేదు. పైగా అనరాని మాట అన్నాను," అంది. తప్పు నాదని ఒప్పుకోవడం జన్మలో అదే మొదలు.

చారలమ్మ కొమ్మ మీదినుంచి తొంగి చూసింది. "ముక్కు ఎలా ఉందక్కా?" అంది.

మరుసటి ఏడు కార్తీకానికి కొత్త చిక్కొకటి వచ్చింది. ఆ రోజు చెల్లాచెదురైన కాయల గింజలు మొలిచి, ఉసిరిచెట్టు చుట్టూ దూలగొండి అల్లుకుంది. దగ్గరికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు.

కొండముచ్చు తాత గుహ దగ్గరికి వచ్చి దూరంగానే నిలబడ్డాడు. "అమ్మాయ్, నీతో కూర వండించుకునే ఓపిక మాకు లేదు. కానీ ఆ తీగలు పీకే ఒళ్ళు అడవి మొత్తానికి నీ ఒక్కదానికే ఉంది. పీకిపెట్టు, ఆకు వేస్తాం," అన్నాడు.

గుబురమ్మ ముక్కుకు అరిటాకు కట్టుకుని వెళ్ళింది. చారలమ్మను దూరంగా ఒక కొమ్మ మీద కూర్చోబెట్టింది. ఒక్కో తీగా పట్టుకుని, "చెల్లీ, ఇది దూలగొండేనా?" అని అడిగి మరీ పీకింది. గడ్డిపరకను పట్టుకునీ అడిగింది. ఉసిరిచెట్టును పట్టుకుని కూడా అడిగింది. పని తెమిలేసరికి పొద్దు వాలిపోయింది. ఆకలితో కడుపులు నకనకలాడుతున్నా ఎవరూ కిక్కురుమనలేదు.

బంతి సాగింది. చిట్టచివరి ఆకు గుబురమ్మది. దాని పక్క ఆకు చారలమ్మది. కుందేలు వచ్చి కూర వడ్డించి వెళ్ళింది.

గుబురమ్మ ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి ఆగింది.

"ఇదేం కూర చెల్లీ?"

"బీరకాయ అక్కా. తిను."

తింది.

నీతి: చీటీ మీద మనకు నచ్చిన మాటే రాసి ఉంటే, మొక్కను మరోసారి చూసుకోవాలి.